హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న

ఆన్‌లైన్లో సరుకులమ్మే యాప్‌లలో ఇక కమీషన్ సున్నా అట! పేపర్లో ఫుల్ పేజీ, ఫోన్లో పాపప్, వాట్సాప్ గ్రూపుల్లో చప్పట్లు. ఒకరు మూడొందల లోపు సరుక్కి సున్నా అంటే, ఇంకొకరు వెయ్యి లోపు దాకా సున్నా అన్నారు. ఈ వేలంపాట ఇలాగే సాగితే వచ్చే దసరాకి కమీషన్ మైనస్‌లోకి దిగి, బొమ్మ చేసినాయనకే ఎదురు డబ్బులొచ్చేట్టున్నాయి. చప్పట్లు కొట్టేవాళ్లు కొట్టండి. నా చూపు మాత్రం అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్న 'ఇతర రుసుములు వర్తిస్తాయి' దగ్గరే ఆగిపోయింది.

ఆ 'ఇతర' వారిది పెద్ద కుటుంబం. సరుకు అమ్ముడైనందుకో ఫీజు. డబ్బు వసూలు చేసిపెట్టినందుకో ఫీజు. మోసుకెళ్లినందుకొకటి, కొన్నవాడు వద్దంటే వెనక్కి మోసుకొచ్చినందుకు మరొకటి. వెతికినప్పుడు పైన కనబడాలంటే ప్రకటన ఖర్చు. వీటన్నిటి నెత్తిన 18 శాతం జీఎస్టీ. సున్నాని పద్దెనిమిదితో హెచ్చవేసినా సున్నాయే కాబట్టి, కమీషన్ వరకూ వాళ్లు ధర్మప్రభువులే, ఒప్పుకుంటాను.

అన్నిట్లోకీ నాకు ఒళ్లు మండేది బరువు లెక్క. కొండపల్లి బొమ్మ చేసేది తెల్ల పొణికి కర్రతో. ఉలికి ఇట్టే లొంగుతుంది, ఆరిందంటే చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. ఆ చెట్టు దొరకడమే కష్టమైపోతున్న రోజుల్లో, దాన్ని తెచ్చి, ఆరబెట్టి, తొండం ఒక ముక్క, చెవులు రెండు ముక్కలుగా విడివిడిగా చెక్కి, చింతగింజల పొడి కలిపిన మక్కుతో అతికి, రంగులేస్తే అంబారీ ఏనుగు. పైన రాజుగారు, ఆయనకో గొడుగు. తూకం వేస్తే అరకిలో లేదు.

కానీ కొరియర్ వాళ్లు తూకంతో ఆగరు, టేపు పెట్టి కూడా కొలుస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో హెచ్చవేసి 5,000తో భాగిస్తే కిలోలు వస్తాయి. అసలు బరువుకన్నా అది ఎక్కువైతే దానికే డబ్బు కట్టాలి. తొండం విరక్కుండా చుట్టూ బబుల్ షీటు, పాత పేపర్లు కూరి, అన్ని వైపులా ముప్పై సెంటీమీటర్లున్న పెట్టెలో పెట్టారనుకోండి. లెక్క ప్రకారం 5.4 కిలోలు! అరకిలో బొమ్మ పోగా మిగతాదంతా గాలి. అచ్చమైన కొండపల్లి గాలికి హైదరాబాదు దాకా టికెట్టు తీయాలి.

పోనీ, పెట్టె చిన్నది చేస్తే తొండం విరుగుతుంది. విరిగితే రిటర్న్. రిటర్నయితే అదే గాలికి తిరుగు టికెట్టు. పెట్టె పెద్దది చేస్తే గాలి ఇంకా బలుస్తుంది. దీనికి ఒక అవగాహన సదస్సులో టై కట్టుకున్న కుర్రాడు చెప్పిన ఉపాయం: "గొడుగు తీసేయండి సార్, హైట్ తగ్గుతుంది." నిజమే, పెట్టెలో రాజుగారికి ఎండెక్కడ తగులుతుంది? కల్లుగీత కార్మికుడు ఎక్కే తాటిచెట్టు బొమ్మనైతే మొదలంటా నరికి పంపాలి కాబోలు. ఈ లెక్కన దశావతారాల్లో లాభసాటి అవతారం వామనుడొక్కడే. ఆయనైనా దారిలో పెరగనంతవరకే.

ఇన్ని గండాలు దాటి బొమ్మ క్షేమంగా చేరిందా, అక్కడ కొన్నవారి తీర్పు: "ఏనుగు కన్ను ఫొటోలో ఉన్నట్టు లేదు."

చేత్తో దిద్దిన కన్నండీ అది! పోయినసారి దిద్దినట్టే ఈసారీ ఎలా ఉంటుంది? యాప్ దొరలూ, చేత్తో చేసిందని ముచ్చటపడి కొనమన్నదీ మీరే, అచ్చు దింపినట్టు లేదని తిప్పి పంపే హక్కు ఇచ్చిందీ మీరే. ఆ హక్కుకయ్యే ఖర్చు మాత్రం చేసినవాడి ఖాతాలో రాశారు. ఇక వ్యంగ్యం నావల్ల కాదు, దీన్ని దోపిడీ అంటారు. కర్ర ఆయనది, రంగు ఆయనది, ఇంటిల్లిపాదీ కూర్చుని చేసిన చాకిరీ ఆయనది, విరిగిన తొండమూ ఆయనదే. యాప్ వాళ్లు పెట్టింది ఏమిటి? తెర మీద జానెడు చోటు. దళారీ పీడ వదిలిందని పండగ చేసుకున్నాం. ఆ దళారీ పచ్చి మోసగాడే కావచ్చు, కానీ గుమ్మంలోకొచ్చి రేటు మొహాన చెప్పేవాడు, తిట్టాలంటే ఎదురుగా ఓ మనిషుండేవాడు. ఇప్పుడు గోడు చెప్పుకుంటే 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తుంది. ఎవరు పరిష్కరించారో, ఏం పరిష్కరించారో ఆ మెసేజ్‌కే తెలియాలి.

అమెరికా వాళ్ల ఆన్‌లైన్ అంగడి ఎట్సీలో అమ్మకపు రుసుము 2022 ఏప్రిల్లో 5 నుంచి 6.5 శాతానికి పెంచితే, అక్కడి చేతిపనివాళ్లు వేలమంది వారం పాటు ఆన్‌లైన్ దుకాణాలు మూసి నిరసన తెలిపారు. పెంచిన రుసుము తగ్గలేదు గానీ, కడుపుమంట ప్రపంచానికి తెలిసింది. మనవాళ్లు వారం మూస్తే పొయ్యిలో పిల్లి లేవదు.

మిగతా వింతలు చెబితే తరిగేవి కావు. కొండపల్లి నుంచి పక్కనున్న మధిరకి యాప్‌లో బొమ్మ అమ్మాలన్నా రాష్ట్రం దాటింది కాబట్టి జీఎస్టీ నంబరు కావాలి. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం రోజు యాప్ నిండా డిస్కౌంటు తోరణాలు. ఆ తగ్గింపు ఎవరి జేబులోంచో అడక్కండి. ఇక్కత్ అని వెతికితే ముందు వచ్చేది మిల్లులో ప్రింటు కొట్టిన గుడ్డ.

నేనడిగేది ఉచితాలు కాదు. మోసినందుకు మోత కూలి తీసుకోండి, చోటు ఇచ్చినందుకు అద్దె తీసుకోండి. కాకపోతే అదంతా కలిపి ఒక్క అంకె చేసి, చేతిపని సరుకు అమ్మిన ప్రతిసారీ కొన్నవారి బిల్లు మీద ఒక వరుస అచ్చు వేయండి: మీరిచ్చిన దాంట్లో చేసినవారికి ముట్టింది ఇంత. ఫుల్ పేజీలో సున్నా అంత లావుగా వేయగలిగినవారికి బిల్లులో ఒక్క వరుస బరువా? వేయరు. వేస్తే ఆ సున్నా ఎవరి వాటాలో పడిందో కొన్నవాళ్లకి తెలిసిపోతుంది.