డిక్కీ శాసనము - టీకా తాత్పర్య సహితము

అవతారిక: మనాలి నుండి లేహ్ వరకు గల సుమారు 430 కిలోమీటర్ల బాటలో, పాంగ్ దాటిన పిదప వచ్చు మూరే మైదానమున గుడారము వేసికొన దలచిన హైదరాబాదు యాత్రికుల కొరకు ఈ పద్యము పుట్టినది. కవి పేరు తెలియదు. స్కార్పియో వెనుక తలుపుపై పేరుకొన్న దుమ్ములో చూపుడు వ్రేలితో వ్రాసియున్నందున దీనిని శాసనముగానే పరిగణింపవలెను. 2020లో అటల్ సొరంగము తెరచినది మొదలు రోహతాంగ్ కనుమ ఎక్కెడి బాధ తప్పినది గాని, దార్చా దాటిన తరువాత కొళాయి గల ఊరు దుర్లభము. వేసవి డేరా హోటళ్లే గతి.

మూలము:

క్యాను నిండ నీరు కక్కుర్తిఁ బోయకు
పెద్ద దొకటి కన్న పిన్న నాల్గు
అడుగుఁ బెట్టి త్రాటి హారంబు బిగియించు
దారి సరసు నమ్మి దప్పిఁ బడకు

ప్రతిపదార్థము: క్యాను = నీటి క్యానులో; నిండన్ = మూతి అంచు తాకునట్లు; నీరు = బయలుదేరునాడు ఆర్వో ప్లాంటులో పట్టించిన నీటిని; కక్కుర్తిన్ = ఇచ్చిన డబ్బుకు చుక్క తగ్గనేల యను ఆశతో; పోయకు = పోయవద్దు; పెద్దది ఒకటి కన్నన్ = ఇరువది లీటర్లది ఒక్కటి మోసికొనిపోవుట కంటె; పిన్న = చేతికి తేలికైనవి; నాల్గు = నాలుగు క్యానులు; (మేలు = మేలు); అడుగున్ = డిక్కీ నేలమీద, వెనుక సీటు వీపునకు ఆనించి; పెట్టి = నిలువుగా నుంచి; త్రాటి హారంబు = త్రాడనెడి దండను; బిగియించు = బిగించి కట్టుము; దారి సరసున్ = త్రోవ ప్రక్కన మిలమిలలాడు చెరువును; నమ్మి = నమ్ముకొని; దప్పిన్ = దాహమున; పడకు = పడవద్దు.

తాత్పర్యము: నీళ్లు వెంట తీసికొనిపొమ్ము. తీసికొనిపోయినవి ఒలకబోసికొనకుము.

విశేషములు: "నిండ పోయకు" అనుట ఏల? సెప్టెంబరు వచ్చుసరికి మూరే మైదానమున రాత్రివేళ చలి సున్నకు దిగువకు పోవును. గడ్డకట్టిన నీరు మామూలు నీటికంటె నూటికి సుమారు తొమ్మిది వంతులు ఎక్కువ చోటు అడుగును. అంచు దాకా నింపిన క్యానులో ఆ చోటు లేదు గనుక అది క్యాను పొట్టను చీల్చుకొని వెలికి వచ్చును. తెల్లవారి సూర్యుడు రాగానే ఆ చీలిక నుండి పరుపులోనికి గంగావతరణము.

శంక: ఖాళీ ఉంచినచో అందలి గాలి ఉబ్బదా? ఈ బాటలోని టాంగ్లాంగ్ కనుమ 5,328 మీటర్ల ఎత్తు. అచ్చట గాలి ఒత్తిడి సముద్రతీరమున ఉన్నదానిలో సగమునకు కొంచెము పైమాట. పిల్లల చిప్స్ ప్యాకెట్లు దిండ్లవలె ఉబ్బుట అందరును చూచినదే. సమాధానము: ఉబ్బును. కనుక దారిలోని ప్రతి కనుమపై ఫొటోలకు దిగినప్పుడు ప్రతి క్యాను మూత ఒక్క చుట్టు వదులు చేసి, "బుస్సు" మనిపించి, మరల బిగింపవలెను. ఈ పని మరచి మూరేలో ఆదరాబాదరాగా మూత తీసినవాని చొక్కా తడియును. మూరేలో మూత పెట్టిన ఖాళీ సీసా తిరిగి మనాలి చేరుసరికి సొట్టలు పడియుండుట ఇదే సూత్రమునకు విలోమోదాహరణము.

ఈ ఖాళీ విషయమున జర్మను పూర్వాచార్యులు మనకు ప్రమాణము. వారు 1930ల దశకమున తమ సైన్యమునకై రూపొందించిన ఇరువది లీటర్ల ఇనుప క్యాను నిండెనన్నను పైన కొంత గాలి మిగులునట్లుండెను. దానికి మూడు పిడులు. ఒక్కడే మోసిన నడిమి పిడి, ఇద్దరు మోసిన చెరియొక కొస పిడి. ఖాళీవైనచో ప్రక్కప్రక్కనున్న పిడులు కలిపి పట్టి ఒక్క చేతనే రెండు. అది పెట్రోలు కొరకు పుట్టినది. నీళ్లకు అటువంటిదే వేరుగా కొనవలెను గాని, డీజిలు పోసిన దానిని కడిగి వాడరాదు. పూర్వాశ్రమమున డీజిలు ధరించిన క్యాను ఎన్ని సబ్బునీళ్లతో సన్యాసము పుచ్చుకొన్నను వాసన వదలదు.

"పెద్ద దొకటి కన్న పిన్న నాల్గు": పద్యమునకు ప్రాణము ఈ పాదము. మనవారు ఇంటినుండి ఎత్తుకొనిపోవునది బబుల్ క్యాను. అది వంటింటి మూలన స్టాండు మీద బోర్లించుటకు పుట్టినదే గాని, గతుకుల్లో గంతులు వేయుటకు కాదు. దాని మూత ఒక్కసారి చించి తీసిన తరువాత మరల బిగియదు. నలుగురు, రెండు పగళ్లు అనుకొందము. త్రాగుటకు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, వంటకు ఒకటి చొప్పున నలువది లీటర్లు. ఇది రెండు బబుల్ క్యానులలో నుండి ఒకటి కారినచో సగము పోయినట్లే. పది లీటర్లవి నాలుగైనచో పోవునది పావు మాత్రమే. తీసికొనిపోయిన నీరు ఎంత అని అందరును అడుగుదురు గాని, ఎన్ని ముక్కలుగా తీసికొనిపోయినారని అడుగువాడు లేడు. మరొక లాభము: రెండు క్యానులు ఖాళీ అయినవనగా సగము వాడితిమని చూడకుండనే తెలియును. బబుల్ క్యానులో ఎంత మిగిలినదో వంచి చూచుకొనవలసినదే. పైగా 4,700 మీటర్ల ఎత్తున ఇరువది కిలోలు ఎత్తినవానికి, ఆ నీళ్లు తానే త్రాగవలసినంత ఆయాసము.

క్యాను అడుగున ప్లాస్టిక్ కొళాయి ఉన్నచో ప్రయాణమున దానిని ఊడదీసి బిళ్ల బిగించుట మంచిది. జాకీ వచ్చి దానిని గుద్దుట ఒక్క మలుపు పని.

చెంబు పని ఈ లెక్కలో చేరదు. దానికి వాగు నీరు చాలును. వేరే క్యాను, వేరే రంగు మూత. ఈ ఒక్క విషయమున పొరపాటు పడిన కుటుంబములలో మరునాటి కాఫీ ఎవరును త్రాగరు.

"అడుగుఁ బెట్టి": ఇచ్చట శ్లేష. అడుగున పెట్టి యనునది ఒక అర్థము. నలువది కిలోలు టాప్ క్యారియరు పైకెక్కించిన బండి మలుపు మలుపునకు ప్రక్కకు తూగును; డిక్కీ నేలకు దించినచో నిలకడగా నడచును. రెండవ అర్థము, పాదము మోపి యని. చక్రమునకు కాలు తన్నిపెట్టి త్రాడు లాగినగాని ముడి బిగియదని డ్రైవర్ల సంప్రదాయము. రెండును గ్రాహ్యములే. కట్టని క్యాను సడన్ బ్రేకు వేసినప్పుడు సీటులో నున్నవాని వీపు తట్టును. ఆ తట్టుట మెచ్చుకోలు కాదు.

ఎడారి జీపుల ముందు వ్రేలాడు క్యాన్వాసు నీళ్ల సంచిని కవి ప్రస్తావింపలేదు. గుడ్డ నుండి ఊరిన తడి గాలికి ఆరుచు లోపలి నీటిని చల్లబరచును. ఈ దారిలో చల్లని నీరు కావలెనన్నవాడు ఇంకను పుట్టలేదు.

"దారి సరసు": మూరే ప్రక్కనున్న త్సో కార్ అని పెద్దల అభిప్రాయము. అది ఉప్పు సరస్సు; ఒకప్పుడు అచ్చటివారు దానినుండి ఉప్పు తీసెడివారు. పాంగాంగ్ అను పక్షమును గలదు. అదియును ఉప్పనిదే గనుక అర్థమునకు హాని లేదు. క్లోరిన్ బిళ్ల క్రిమిని చంపును గాని ఉప్పును ముట్టదు. మరిగించినకొలది ఉప్పదనము పెరుగును.

వాగులు తియ్యనివే. అయితే మధ్యాహ్నము మంచు కరగి బురదతో పొంగును గనుక తెల్లవారుజామున పట్టుకొనవలెను. గుడ్డతో వడగట్టి, తెర్లిన తరువాత మూడు నిమిషములు మరగనిచ్చిన త్రాగవచ్చును. ఆ ఎత్తున నీరు దాదాపు 85 డిగ్రీలకే తెర్లును. క్రిములకు అది చాలును, సోనామసూరికి చాలదు. కుక్కరు లేకుండ అన్నము వండ బూనినవాడు గంటసేపు గ్యాసు కాల్చి పలుకు బియ్యము తినును.

పాఠాంతరము: "త్రాటి హారంబు" అనుచోట "రాట్చెట్టు పట్టీ" అని ఒక ప్రతి. గట్టిదనమున ఇదియే మేలు. గణములు మాత్రము కుదరవు.

అలంకారము: త్రాటి హారమనుట రూపకము. పద్యము ఆటవెలది. రెండవ పాదము చివర "నాల్గు", మూడవ పాదము మొదట "అడుగు" నడుమ సంధి చేయకుండుట విసంధి దోషమని కొందరు లాక్షణికుల ఆక్షేపము. వారు మైదానములవారు. ఐదువేల మీటర్ల ఎత్తున రెండు పాదములు వరుసగా చదువువానికి నడుమ ఊపిరి తీసికొనక తప్పదు.