గుండీ పర్వము

అరంగుళమైనా నిండని మేను, నాలుగు ద్వారముల దుర్గము, పాలమీగడను వెక్కిరించు దేహకాంతి గల చొక్కాగుండీ మహాప్రభువు ఆక్యుపేషనల్ థెరపీ ల్యాబున కొలువుదీరి యుండెను. ఎదుట, పక్షవాతము కుడిచేతిని కాజేసిన రిటైర్డు హెడ్మాస్టరుగారు. ఆయన వెనుక తెల్లకోట్ల చతురంగబలము. అందులో సగం సేనకు ఇంకా టిఫిను కాలేదు.

కావ్యమన్నాక వంశవర్ణన ఉండాలి గనుక అదీ కానిద్దాం. 1917లో అమెరికాలో ఈ విద్యకు సంఘం పెట్టిన మూలపురుషుల్లో జార్జ్ బార్టన్ అనే ఆర్కిటెక్టు ఒకడు. ఆయనకే ఎడమపక్క పక్షవాతం. 1950లో బొంబాయి కెఇఎం ఆసుపత్రిలో మనవాళ్ళకు బడి తెరిచినావిడ కమలా నింబ్‌కర్. ఇక యుద్ధానికి వద్దాం.

"మాస్టారి గుండీ మాస్టారే పెట్టుకోవాలి. ఏం చేద్దాం?" అని మేడం శంఖం పూరించినదే తడవు, ముందు బెంచీ వీరుడొకడు లేచి వెల్‌క్రో అస్త్రము సంధించెను.

"గుండీలన్నీ కోసేసి అంటుకునే పట్టీలు కుట్టిద్దాం మేడం!"

"మాస్టారినడిగావా?"

"పర్రుమని చప్పుడు చేసే చొక్కా నేను తొడగను నాయనా" అన్నారాయన. అస్త్రము నేలరాలెను.

అప్పుడు మేడం ఆనతిచ్చినది: అందరూ కుడిచెయ్యి వీపు వెనక దాచి, ఎడమచేత్తో తమ కోటు గుండీలు పెట్టుకోవలెను. అహో, ఏమని వర్ణింతును! రాత్రికి రాత్రి అనాటమీ బట్టీకొట్టి కండరాలన్నిటినీ జయించిన ధీరులు కాజా గుమ్మంలో కూలిరి. వేళ్ళు కాజా అంచు పట్టితే గుండీ జారును. బొటనవేలు గుండీని తోస్తే కాజా మూతి ముడుచుకొనును. పంటితో పట్టబోయిన వీరాంగన కోటుకు లిప్‌స్టిక్ అంటినది. మాస్టారు అప్పుడు నవ్వారు.

ఆ ఓటమి తర్వాతే పాఠం తలకెక్కింది. చచ్చుబడిన చెయ్యి ముందు చొక్కాలోకి వెళ్ళాలి. విప్పేటప్పుడు అది ఆఖరు. గుండీలు కిందనుంచి పైకి పెట్టాలి, అప్పుడే రెండంచులూ ఎగుడుదిగుడు లేకుండా కలుస్తాయి. లావు పిడి, కొసన తీగ ఉచ్చు ఉన్న హుక్కు ఒకటుంది: కాజాలోంచి ఉచ్చు దూర్చి, గుండీ మెడకు తగిలించి, ఇవతలికి లాగడమే. మొదట్లో ముప్పాతిక పని విద్యార్థే చేసి, ఆ ఆఖరి లాగుడు మాత్రం మాస్టారికి వదలాలి. ఆయన చెయ్యి తిరిగేకొద్దీ తన చెయ్యి వెనక్కి తీసుకోవాలి. పిల్లలకు ఇదే మహాకష్టం. సాయం చేయడానికే ఈ చదువులోకి వచ్చామనుకునే వయసు కదా.

కింది గుండీ లొంగెను. దాని పైదీ లొంగెను. మిగిలినది ఎడమ మణికట్టు గుండీ. ఎడమచెయ్యి తన మణికట్టును తానే అందుకోలేదు. అక్కడ హుక్కూ దండగే. సేన తర్జనభర్జన పడుచుండగా వెనక బెంచీ నుంచి ఒక గొంతు: "ఎలాస్టిక్ దారంతో కుట్టి, గుండీ ముందే పెట్టేస్తే చెయ్యి దూరిపోతుంది మేడం!" భేష్ అని సభ ఘోషించెను.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఇంట్లో పొట్టిచేతుల చొక్కాలు అరడజనున్నాయమ్మా. మీరు నిండుచేతులది వేసుకు రమ్మన్నారని ఇది తొడుక్కొచ్చాను."