జపాన్ వెళ్తే టోక్యో చూడకండి

ఏళ్ల తరబడి అనుకుంటూ, పిల్లల చదువులూ ఇంటి అప్పూ తీరాక ఇన్నాళ్లకు జపాన్ టికెట్లు కొనబోతున్నవాళ్లకు ఈ సలహాలు. ట్రావెల్స్ వాళ్లు వీటిని ఒప్పుకోరు. నిరుడు వెళ్లొచ్చిన మీ బావగారు అసలే ఒప్పుకోరు. అయినా చెబుతాను. ఎక్కువ కాలం ఎదురుచూసినవాళ్లే ప్రయాణాన్ని ఎక్కువగా పాడుచేసుకుంటారు.

పాడుచేసే మాట ఒకటుంది: "ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా!" ఆ మాటతోనే పది రోజుల్లో టోక్యో, హకొనే, క్యోటో, హిరోషిమా, ఒసాకా అన్నీ జాబితాలోకి ఎక్కేస్తాయి. సగం ప్రయాణం పెట్టెలు సర్దడానికే సరిపోతుంది. టోక్యో వదిలేయండి. ఫుజి పర్వతాన్నీ వదిలేయండి. కన్సాయ్ విమానాశ్రయంలో దిగి, క్యోటోలో ఒకే గది తీసుకుని పది రోజులూ అక్కడే ఉండండి. కరసుమా సబ్‌వే లైను దగ్గరైతే మేలు, సిటీ బస్సులు కిక్కిరిసి ఉంటాయి. "మళ్లీ వెళ్తామో లేదో" అంటారా? వెళ్లకపోవచ్చు. అందుకే ఒక్క ఊరినైనా తెలుసుకుని రమ్మంటున్నాను.

రైలు పాస్ కొనకండి. ఏడు రోజుల పాస్ ధరను 2023 అక్టోబరులో 29,650 యెన్‌ల నుంచి 50,000కు పెంచారు. టోక్యో, క్యోటోల మధ్య రానూపోనూ టికెట్లు కొన్నా సుమారు 28,000 యెన్‌లే. బుల్లెట్ రైలు ఎక్కాలన్న ముచ్చట ఉంటే క్యోటో నుంచి షిన్-ఒసాకా దాకా ఎక్కండి. పావుగంటే, కానీ ముచ్చట తీరుతుంది.

చెర్రీపూల కోసం వెళ్లకండి. మార్చి చివర గదుల ధరలు మండిపోతాయి. ఏప్రిల్ చివర అక్కడి వరుస సెలవులు మొదలవుతాయి. ఫిబ్రవరి రెండో సగంలో వెళ్లండి. చలి ఉంటుంది, స్వెట్టర్లు ఉంటాయి. క్యోటోలోని కితానో తెన్మాంగూ ఆలయంలో 'ఉమె' (జపాన్ ప్లమ్) పూలు పూసే కాలమది.

నారాకు మాత్రం ఒక పూట కాదు, రెండు రోజులివ్వండి. రైల్లో ముప్పావుగంట. చాలామంది జింకలకు బిస్కెట్లు పెట్టి, తోదాయ్‌జీ ఆలయంలో మహాబుద్ధుడి ముందు ఫొటో దిగి మధ్యాహ్నానికి వచ్చేస్తారు. ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. 752లో ఆ విగ్రహానికి కళ్లు దిద్దింది మన దేశం నుంచి వెళ్లిన బోధిసేనుడనే భిక్షువు. 736లో జపాన్ చేరాడు. ఆయన చేతిలోని కుంచెకు పొడవాటి నీలి తాడు కట్టారు. కిందున్నవాళ్లు ఆ తాడు పట్టుకుని, తామూ కళ్లు దిద్దిన పుణ్యంలో పాలుపంచుకున్నారు. ఆ కుంచె, ఆ తాడు ఇప్పటికీ షోసోయిన్ భాండాగారంలో ఉన్నాయి. ఇప్పుడున్న మందిరం 1709 నాటిది, విగ్రహం తలను కూడా తర్వాతి కాలంలో మళ్లీ పోత పోశారు. అయినా, పడవలో సముద్రాలు దాటి వెళ్లి, తిరిగి రాకుండా 760లో అక్కడే కన్నుమూసిన మనిషి నిలబడిన చోటది. పది నిమిషాల్లో ఎలా వచ్చేస్తారు?

తిండి సంగతి. "విదేశం వెళ్లీ పచ్చడి మెతుకులేనా" అని వెక్కిరించేవాళ్లను పట్టించుకోకండి. శాకాహారులైతే కందిపొడి, ఆవకాయ తప్పకుండా పట్టుకెళ్లండి. మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, కస్టమ్స్‌లో లాగేసుకుంటారు. అక్కడ "మాంసం ఉందా?" అని అడిగితే "లేదు" అనే అంటారు. కానీ మిసో సూప్‌లో, ఉడోన్ నూడుల్స్ రసంలో ఉండేది 'దాషి'. అది ఎక్కువగా ఎండబెట్టిన చేపతో కాచిన నీళ్లు. కాబట్టి దాషి గురించి అడగండి. డబ్బుకు వెనకాడకుండా ఒక్క పూటైనా ఆలయ భోజనం, 'షోజిన్ ర్యోరి', తినండి. అందులో దాషిని సముద్రపు నాచుతోనూ పుట్టగొడుగులతోనూ కాస్తారు.

క్యోటోలోని ఫుషిమి ఇనారి గుడికి తెల్లవారుజామునే వెళ్లాలని అందరూ చెబుతారు. అక్కడ ఆరైతే మనకు రెండున్నర. మొదటి రోజుల్లో ఒళ్లు సహకరించదు. రాత్రి తొమ్మిదికి వెళ్లండి, మీ ఒంటికి అది సాయంత్రం ఐదున్నరే. గుడి దారి రాత్రంతా తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. ఎర్రటి తోరణాల కింద యోత్సుత్సుజి కూడలి దాకా ఎక్కి, ఊరి దీపాలు చూసి దిగిపోండి. ఆపైన చీకటి, వద్దు.

చివరి రోజు కొత్త చోటేదీ పెట్టుకోకండి. పదిరోజుల్లో మీకు బాగా నచ్చిన చోటికే రెండోసారి వెళ్లండి. చుట్టాలు రాసిచ్చిన సామాన్ల జాబితా విమానాశ్రయంలో చూసుకోవచ్చు. అక్కడ దొరకనివి దొరకలేదని చెప్పేయండి.