వినతిపత్రం ఇయ్యబోయే తమ్మునికి

తమ్మీ, యూనియన్‌ల పేరు రాయించుకున్నవు, లీడర్లను కలిసే పనికి నేనొస్తనని చెయ్యి లేపినవు, సంతోషం. నల్లగొండల, పాలమూరుల క్యాంపు ఆఫీసుల గుమ్మాలు అరిగేదాక తిరిగినోన్ని. చెప్త, విను.

ముందుగాల కాగితం. దానిమీద ఒక్కటే డిమాండు రాసినవనుకో, సారు చదువుతడు. చదివితే అయితదో కాదో చెప్పాల్సొస్తది. పెద్దమనిషిని గసుంటి ఇరకాటంల పెట్టొద్దు. 2019 అక్టోబర్ 5న ఆర్టీసీ సమ్మె మొదలైనప్పుడు జేఏసీ 26 డిమాండ్లు పెట్టింది, ప్రభుత్వంల విలీనం అండ్ల ఒకటి. నన్నడిగితే 26 కూడ తక్కువే.

ఆ సమ్మె నడుమనే, అక్టోబర్ 21న, హుజూర్‌నగర్ ఉప ఎన్నిక పడ్డది. అసుంటప్పుడు ఊరూరు తిరగాలె గని ఊరోళ్లను ఏమడగొద్దు. బస్సు లేక మీకెంత తిప్పలైతుందని అడిగితే, చెప్పింది వినాల్సొస్తది. సమ్మె చూసి సీపీఐ టీఆర్ఎస్‌కిచ్చిన మద్దతు వాపస్ తీసుకున్నది. అయినా టీఆర్ఎస్ 43 వేల పైచిలుకు మెజార్టీతోని గెలిచింది. సమ్మె 52 రోజులు నడిచి, నవంబర్ 25న విరమించిండ్రు. ఎక్కడ తప్పిందని లెక్క చూడబోకు, తలకాయ నొస్తది.

ఇగ అసలు పని, ఫోటో. సారు పక్కన నిలబడేటోడే వలంటీర్, మిగిలినోళ్లంత జనం. శాలువా పెద్దదే కొను. కాగితం ఇచ్చినంక ఇన్‌వర్డ్ నంబర్ అడగకు, మనకు నమ్మకం లేదనుకుంటరు. మూణ్నెల్లకు తారీఖు మార్చి మల్ల అదే కాగితం తీస్కపో. జిరాక్స్ షాపాయన మనోడే.

ఆశా, అంగన్‌వాడీ అక్కలను మాత్రం ముంగట కూసోబెట్టకు. చేతికి ఎంతొస్తుందో రూపాయితో సహా చెప్తరు. ఎవరు ఏ దినం మాటిచ్చిండ్రో కూడ చెప్తరు. సారు చాయ్ చల్లారిపోతది.

ఎవరి లెక్క చేయొద్దో గది కూడ చెప్పాలె. 1996ల నల్లగొండ పార్లమెంటు ఎన్నికల 480 మంది నిలబడ్డరు. జల సాధన సమితి పిలుపు మీద ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినోళ్లు, రైతులు నామినేషన్లు వేసిండ్రు. గెలుస్తమని కాదు, నీళ్లు కావాలె, గంతే. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది, పోలింగే వాయిదా పడ్డది. ఆఖరికి గెలిచింది సీపీఐ ధర్మభిక్షం. గీళ్ల డిపాజిట్లు పాయె. ఢిల్లీల మాత్రం అదే ఏడు జనరల్ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10 వేలకు పెంచిండ్రు. అండ్ల ఒక్కనికన్న ఎవరన్న శాలువా కప్పిండ్రా?

ఇంకో పాడు ముచ్చట 2023 ఆగస్టుది. ఆర్టీసీ విలీనం బిల్లు గవర్నర్ దగ్గర ఆగింది. 5వ తారీఖు పొద్దుగాల రెండు గంటలు బస్సులు ఆపి, కార్మికులు రాజ్‌భవన్ తొవ్వ పట్టిండ్రు. అడిగింది ఒక్కటే, ఆ బిల్లుకు ఒప్పుకొమ్మని. 26 ఏడవోయినయో! గవర్నరమ్మ పుదుచ్చేరిల ఉండి వీడియోలనే లీడర్లతోని మాట్లాడింది. పక్కన నిలబడి ఫోటో దిగుదామంటే సందే లేదు. మర్నాడు అసెంబ్లీల బిల్లు పాసైంది.

నేను ఆ రెండొద్దులు ఇంటికాన్నే ఉన్న. శాలువా ముందే కొనుక్కొచ్చి పెట్టుకుంటి. ఎవరికి కప్పాల్నో ఎవ్వరు చెప్పలే.