పరిధి వ్యాఖ్య

మూలం: "ఇది మా పరిధిలోనికి రాదు."

అవతారిక: పెనుకొండకూ హిందూపురానికీ నడుమ పట్టాల కింది దారిలో మోకాటి లోతు నీళ్లు నిలిచాయని పెట్టుకున్న అర్జీకి ఒకానొక కార్యాలయం అనుగ్రహించిన ఏకవాక్య గ్రంథమిది. కవి నామం లేదు. సంతకముంది, చదవశక్యం కాదు.

టీక: ఇది, మా, రాదు: సుగమం. పరిధి: 'పరి' ఉపసర్గ, 'ధా' ధాతువు, 'కి' ప్రత్యయం. అమరుడు దీన్ని సూర్యుడి చుట్టూ కట్టే గుడి అన్నాడు. తెలుగులో వరదగుడి. పట్టాల కింద వరద, కార్యాలయంలో గుడి. శ్లేష పండింది.

యాజ్ఞికులకైతే పరిధులంటే అగ్నికి పడమట, దక్షిణాన, ఉత్తరాన ఉంచే మూడు సమిధలు. తూర్పున ఉంచరు, అటు సూర్యుడే కాపు. మన పావగడకూ మూడు దిక్కులా ఆంధ్రే. కర్ణాటకలోకి తెరిచిన వాకిలి మాత్రం పడమటిది. శాస్త్రవిరుద్ధం.

ఈ రైలుదారి పుట్టుకలోనే పరిధి ఉంది. 1890ల మొదట్లో మీటర్‌గేజి వేసినప్పుడు ఒకే పట్టాకు రెండు పేర్లు: ఇటు గుంతకల్–మైసూరు ఫ్రాంటియర్, అటు యశ్వంతపురం–మైసూరు ఫ్రాంటియర్. రెండూ ఊరికి పోవు, హద్దుకు పోతాయి! సంస్థానాల్లో పట్టాల కింది నేల మీద అధికారాన్ని ఇంగ్లీషువాళ్లు రాయించుకునేవారు. పట్టా దాటిన మేక ఒక చట్టంలోంచి ఇంకో చట్టంలోకి గెంతేది. నేటికీ ధర్మవరం గుంతకల్ డివిజన్‌ది, పెనుకొండ, హిందూపురం బెంగళూరు డివిజన్‌వి.

సీమాంతరంలోనూ ఉదాహరణముంది. 1919 నాటి వెర్సాయ్ సంధి దరిమిలా వెన్‌బాన్ రైలుదారి కింది నేల బెల్జియం పాలయింది. దాని అవతల చిక్కిన జర్మనీ తునకలు ఇప్పటికీ ఐదు. రూక్‌ష్లాగ్ అనేది ఒక ఇల్లూ దాని దొడ్డీ, అంతే. పట్టాలు పీకేశారు, సైకిళ్లు తిరుగుతున్నాయి, నేల మాత్రం బెల్జియందే. కాని అయ్యా, అక్కడ ఆ నేల ఎవరిదంటే "మాది" అనేవాడొకడున్నాడు! ఇక్కడ, వానే పడని సీమలో వాన పడిన ఒక్కరోజున, ధర్మవరం నుంచి పెళ్లికి తెచ్చిన పట్టుచీర సంచితో సహా నీళ్లలో మునిగింది. స్కూటరు తోసిందీ నేనే, ఇంట్లో మాట పడిందీ నేనే.

ప్రకృతమనుసరామః.

పాఠాంతరం: రెండో కార్యాలయం ప్రతిలో 'రాదు'కు బదులు 'రానేరదు' అని ఉంది. మూడో ప్రతి కోసం మొన్ననే అర్జీ పెట్టాను.