రాసుకున్నాం బాబాయ్!

పెళ్లి శుభలేఖలో ‘బంధుమిత్ర సపరివారంగా’ ఎంత తప్పనిసరో, వైద్య పరిశోధనకి డబ్బులడిగే కాగితంలో ‘రోగులే మా భాగస్వాములు’ అన్న ముక్క ఇప్పుడంత తప్పనిసరి. ఎవరూ చదవరు, లేకపోతే మాత్రం ఊరుకోరు.

స్థలం: పుదుచ్చేరి బీచ్ రోడ్డు, గాంధీ విగ్రహం దగ్గర గట్టు. సాయంత్రం ఆరు దాటింది, బళ్లు ఆపేశారు. అబ్బాయి మెడలో ఐడీ కార్డు నిద్రలో కూడా తీయడు. బాబాయ్‌ది యానాం, షుగరు మనిషి. చూపించుకోడానికి వచ్చి కూతురింట్లో ఉంటున్నాడు.

అబ్బాయి: శుభవార్త బాబాయ్! ఇకమీదట మీరు రోగి కాదు, మా పరిశోధనలో భాగస్వామి.

బాబాయ్: ఆయ్. అంటే షుగరు తగ్గిందాండి?

అబ్బాయి: షుగరు అలాగే ఉంటుంది. హోదా పెరిగింది. మొన్న మీటింగులో మీరు చెప్పినవన్నీ రాసుకున్నాం కూడా.

బాబాయ్: అరికాళ్ల మంటలకి రాత్రుళ్లు నిద్ర లేదు, ముందు దాని సంగతి చూడండన్నాను.

అబ్బాయి: రాసుకున్నాం.

బాబాయ్: మీరేమో మూడు నెలల షుగరు సగటొక్కటే కొలుస్తామంటిరి.

అబ్బాయి: అది డబ్బు మంజూరైనప్పుడే ఖాయమైపోయింది. మీ బాధ కూడా రాసుకున్నాం.

బాబాయ్: పరగడుపున రమ్మని పదకొండింటి దాకా కూర్చోబెడితే కళ్లు తిరుగుతున్నాయన్నాను.

అబ్బాయి: అది ఎర్ర సిరాతో రాసుకున్నాం.

బాబాయ్: కాగితాలు అరవంలోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి, మా యానాం వాళ్లకి తెలుగులో ఇమ్మన్నాను.

అబ్బాయి: ఇంగ్లీషులో రాసుకున్నాం.

బాబాయ్: మీ పుస్తకం ఆరోగ్యం మాత్రం దివ్యంగా ఉందండి. నేను చిక్కిపోతుంటే అది బలుస్తోంది.

అబ్బాయి: ఎగతాళి వద్దు బాబాయ్. కీళ్లవాతం మందులు పనిచేశాయా లేదా ఏ లెక్కన తేల్చాలో చూసే ఓమెరాక్ట్ అనే అంతర్జాతీయ బృందం 2002లో రోగుల్ని సమావేశానికి పిలిచింది. నొప్పి, వాపు కొలిస్తే చాలనుకుంటున్న డాక్టర్లకి రోగులు చెప్పిందేమిటో తెలుసా? అలసట! ఆ తర్వాత దాన్నీ కొలవాలన్నారు.

బాబాయ్: మా ఆవిడకి కీళ్లవాతం. పొద్దున్న లేస్తూనే చెప్పేది అదే. దానికి మీకు 2002 దాకా పట్టిందాండి? పోన్లెండి, వాళ్లు రాసుకుని ఊరుకోలేదు, లెక్కలోకి తీసుకున్నారు. మీకు ఆ రెండో పనే చేతకావట్లేదు.

అబ్బాయి: అసలు అడగడమే గొప్ప కదా!

బాబాయ్: గొప్పేనండి, కాదనను. 2009లో ఖమ్మం జిల్లాలో పదేళ్ల నుంచి పధ్నాలుగేళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. తల్లో తండ్రో సంతకం పెట్టాల్సిన కాగితాల మీద, ఒకటీ రెండూ కాదు, వేలల్లో, హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసేశారు. 2010 ఏప్రిల్‌లో ఆపించారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే చీవాట్లు పెట్టింది. టీకా మంచిదేనండి, నా మనవరాలికి నేనే వేయించమంటాను. కన్నవాళ్లని అడక్కపోవడమే తప్పు. అప్పుడు అడక్కుండా చేశారు. ఇప్పుడు మీరొచ్చారు, అడుగుతారు, టీ ఇస్తారు, ఫోటో తీస్తారు, ముందే అనుకున్నది చేస్తారు. ఎవరి డబ్బండీ ఇది? ఎవరి రక్తం? ఎవరి...

అబ్బాయి: బాబాయ్, పోలీసు ఇటే చూస్తున్నాడు. మెల్లిగా. అయినా జనాన్ని కలుపుకోవడం మన ఊరికి కొత్త కాదు. 1975లో ఇక్కడ పెట్టిన దోమల పరిశోధన కేంద్రం లేదూ? ఆ కేంద్రం వాళ్లు 1980ల్లో బోదకాలు తగ్గించడానికి కేరళలోని చేర్తల వెళ్లారు. అక్కడి కుంటల నిండా అంతరతామర. ఆ మొక్క వేళ్లు పట్టుకునే దోమపిల్లలు ఊపిరి పీల్చేది. మొక్క తీసేస్తే దోమ పోతుంది. అందుకని చేపల పెంపకం ముడిపెట్టారు. చేపల మీద ఆదాయం కోసం జనమే నీళ్లలో దిగి మొక్కలు లాగారు.

బాబాయ్: అదీ భాగస్వామ్యమంటే! వాళ్లకి చేప దక్కింది. మాకేం దక్కింది, మేరీ బిస్కెట్టు. ఇంతకీ అవి చెరువు చేపలేనా?

అబ్బాయి: చెరువువే.

బాబాయ్: చెరువు చేపా ఓ చేపేనాండి! వరద నీటికి గోదావరి ఎదురెక్కి వచ్చే పులస తినాలి.

అబ్బాయి: మా మెస్సులో వంజరం వేపుడు...

బాబాయ్: వంజరం పేరు నా దగ్గర ఎత్తకండి. పులస పులుసు కట్టెల పొయ్యి మీద, మట్టి దాకలో కాగాలి. వండిన రోజు ముట్టుకోకూడదు. మర్నాడు తినాలి.

అబ్బాయి: యానాంలో ఎంతుంటుంది బాబాయ్?

బాబాయ్: వేలం పాటండి. వేలల్లోనే.

అబ్బాయి: మరి మీ షుగరు?

బాబాయ్: చేప ఏం చేయదండి, చేసేదంతా దాంతో తినే అన్నమే. శ్రావణంలో రండి. చెరి సగం వేసుకుని ఒకటి కొందాం. ఏ చేప కొనాలో నేను చూస్తాను, పాట నేను పాడతాను. మీరు సంచీ పట్టుకోండి.