నింద మోస్తున్న జన్యువు: గ్యాస్ట్రిన్ ఆత్మకథ

తన కథ చెప్పమంటే గ్యాస్ట్రిన్ జన్యువు ముందుగా తన మీద పడ్డ నిందనే ఎత్తుకుంటుంది. ఛాతీలో మంట పుట్టినా, పుల్లటి తేన్పులొచ్చినా జనం ఆడిపోసుకునేది జీర్ణాశయంలోని ఆమ్లాన్ని. ఆ ఆమ్లం ఊరేలా కబురంపేది తన హార్మోనే కనుక సగం తిట్లు తనకే తగులుతున్నాయని దాని గోడు.

అది కాపురముండేది 17వ క్రోమోజోము పొడుగు భుజం మీద. కేంద్రకమున్న కణాలన్నిట్లో తానున్నా, చాలాచోట్ల నోరు మెదపదు. ముఖ్యంగా జీర్ణాశయం కింది భాగంలోని జి కణాల్లోనే గొంతు విప్పుతుంది. అక్కడ ముందు 101 అమైనో ఆమ్లాల గొలుసు తయారవుతుంది. దాన్ని కత్తిరించి, చివర దిద్దితే 34, 17 అమైనో ఆమ్లాల గ్యాస్ట్రిన్‌లు వస్తాయి. వాటి చివరి అయిదు అమైనో ఆమ్లాలు దాయాది హార్మోను కొలిసిస్టోకైనిన్‌లోనూ అచ్చంగా అవే! ఆ దాయాది పని మాత్రం వేరు: పిత్తాశయాన్ని పిండి పైత్యరసాన్ని పేగులోకి వదిలిస్తుంది.

పప్పన్నమో కోడిగుడ్డో కడుపులో పడిందనుకుందాం. మాంసకృత్తులు విడిపోయి అమైనో ఆమ్లాలు జి కణాలకు తగులుతాయి. జీర్ణాశయం సాగుతుంది, వేగస్ నాడి కూడా తట్టిలేపుతుంది. గ్యాస్ట్రిన్ రక్తంలో కలిసి ఒంట్లో ఒక చుట్టు తిరిగి మళ్లీ జీర్ణాశయానికే చేరి, అక్కడి కొన్ని కణాల చేత హిస్టమిన్ వదిలిస్తుంది. ఆ హిస్టమిన్ అందగానే పక్క కణాలు ఆమ్లం స్రవిస్తాయి. ఆమ్లం ముదిరితే సొమటోస్టాటిన్ అనే మరో హార్మోను వచ్చి జి కణాల నోరు మూయిస్తుంది.

తనను మూటగట్టి మూల పడేసిన కాలాన్ని మాత్రం అది మరచిపోలేదు. 1905లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ ఎడ్కిన్స్ జీర్ణాశయపు పొర నుంచి తీసిన రసాన్ని పిల్లుల రక్తనాళంలోకి ఎక్కిస్తే ఆమ్లం ఊరింది. ఆ పదార్థానికి గ్యాస్ట్రిన్ అని పేరు పెట్టాడు. తర్వాత హిస్టమిన్ కూడా అదే పని చేస్తుందని తేలడంతో, ఎడ్కిన్స్ చూసింది హిస్టమిన్‌నేనని చాలామంది కొట్టిపారేశారు. 1938లో కొమరోవ్ అనే శాస్త్రవేత్త హిస్టమిన్ లేని రసంతోనూ ఆమ్లం ఊరుతుందని చూపాడు. ఎడ్కిన్స్ 1940లో కన్నుమూశాడు. పందుల జీర్ణాశయాల నుంచి గ్యాస్ట్రిన్‌ను శుద్ధంగా వేరుచేసినట్టు లివర్‌పూల్‌లో శాస్త్రవేత్తలు గ్రెగరీ, ట్రేసీ ప్రకటించింది 1964లో.

ఈలోగా 1955లో అమెరికా శస్త్రవైద్యులు జోలింజర్, ఎలిసన్ జీర్ణనాళంలో మొండి పుండ్లతో బాధపడుతున్న ఇద్దరు రోగుల గురించి రాశారు. ఇద్దరికీ క్లోమంలో కణితి ఉంది. అలాంటి కణితుల్లో తాను కళ్లెం లేకుండా వాగుతుందని తర్వాత తెలిసింది. ఆ తప్పును జన్యువు దాచుకోదు. కానీ తనను తొలగించిన ఎలుకలను చూడమంటుంది: వాటిలో ఆమ్లం ఊరడం బాగా పడిపోయింది, ఆమ్లం స్రవించే కణాలూ సరిగ్గా ఎదగలేదు. జీర్ణాశయపు పొర పెరుగుదలకూ తాను కావాలన్నమాట.

ఇక మన ఇళ్లలో 'గ్యాస్ మాత్ర'లుగా చెలామణీ అయ్యే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్. ఇవి ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఆమ్లం తగ్గితే జి కణాలకు అడ్డు తొలగి, రక్తంలో గ్యాస్ట్రిన్ పెరుగుతుంది. అందుకే గ్యాస్ట్రిన్ రక్తపరీక్ష రాసినప్పుడు వాడుతున్న మాత్రల పేర్లు డాక్టరుకు తప్పక చెప్పండి. ఆయన చెప్పకుండా వాటిని మీ అంతట మీరు మానేయకండి.